ఎడమ తలుపు వారి పురుడు

రాండి, ఇట్లా దగ్గరికి జరగండి. వాకిట్లో కూర్చుంటే సగం కథ గాలి ఎత్తుకుపోతుంది. ఆ వక్కాకు సంచి నా చేతికియ్యి తల్లీ. కాళ్ళు ముడుచుకుంటే ఇంకా ఇద్దరికి చోటవుతుంది. ఆఁ, అట్లా.

ఇది ఉడుముల దుర్గాన్ని కుంపిణీవాళ్ళు ముట్టడి చేసిన నాటి మాట. ఏ సంవత్సరమని అడగొద్దు. నాకు సంవత్సరాలు గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు.

ఉడుముల దుర్గం కొండ నెత్తిన కోట. మూడు పక్కలా మేక కూడా ఎక్కలేని బండ. నాలుగో పక్క ఒకటే దారి, ఆ దారి కొసన ఒకటే పెద్ద వాకిలి, ఆ వాకిలికి రెండు తలుపులు. ఒక్కో తలుపు ఏనుగంత. బయపనాయుడనే పాళెగాడు అక్కడ ఏలుబడి చేస్తుండె. ఏలుబడి ఆయనది, మాట మాత్రం దివాను వెంకోజీ పంతులుది.

ఆ కోటలో ఏ పని చెయ్యాలన్నా దానికొక వంశం ఉండాల. కుడి తలుపు నెట్టే వంశం ఒకటి, ఎడమ తలుపు నెట్టే వంశం ఇంకొకటి. అడ్డగడియ వేసేది ఒక ఇంటివాళ్ళు, తీసేది వేరే ఇంటివాళ్ళు. వేసినవాడు తీస్తే తప్పు, తీసినవాడు వేస్తే అపచారం. ఎవరి పనికి వాళ్ళకు మాన్యం. ఫిరంగి దగ్గరా అంతే. మందు కూరేవాళ్ళు వేరు, గుండు దొర్లించేవాళ్ళు వేరు, వత్తి అంటించేవాళ్ళు వేరు. గురి చూసే వంశం మాత్రం రెండు తరాల కిందటే అంతరించిపోయింది. వాళ్ళ మాన్యాన్ని దివాణం కలుపుకుంది గానీ, గురిని ఎవరికీ అప్పగించలేదు. అప్పటినుంచీ ఉడుముల దుర్గం ఫిరంగి పేలుతుంది, అంతే. గుండు ఎక్కడ పడాలన్నది గుండు ఇష్టం.

ఎడమ తలుపు వాళ్ళింట్లో ఓబులక్క అని ఒక విధవరాలు. కొడుకు గిడ్డయ్య. ఎడమ తలుపు నెట్టేది వాడే. కోడలు సుంకమ్మ. సన్నగా వెదురుబద్ద మాదిరి ఉండే పిల్ల. తొలి కాన్పు కొండ కింద పేటలో, పుట్టింట్లో జరిగింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆ పేటలోనే ఉండే మంత్రసాని హుసేనమ్మ పొద్దంతా పెనుగులాడి తల్లినైతే దక్కించింది, బిడ్డను దక్కించలేకపోయింది. ఆనాడే చేతులు కడుక్కుంటూ ఓబులక్కకు చెప్పింది.

"అక్కా, ఈ పిల్లది ఇరుకు దారి. మళ్ళీ నెల తప్పితే నాకు తెలియకుండా నొప్పులు పడనియ్యొద్దు. నేను లేకుంటే ఈసారి ఇద్దరూ దక్కరు."

ఆ మాట ఓబులక్క గుండెలో మేకు దిగినట్టు దిగిపోయింది. రెండోసారి సుంకమ్మ నీళ్ళోసుకున్నప్పటినుంచీ ఆమెకు కోట లేదు, నాయుడు లేడు, కుంపిణీ లేదు. ఉన్నదంతా కోడలి కడుపు, హుసేనమ్మ చెయ్యి.

సరిగ్గా నెలలు నిండే వేళకు కుంపిణీవాళ్ళు వచ్చి కొండ చుట్టూ డేరాలు వేసిరి.

ముట్టడిలో కోట తలుపు మూసుకోవాల గదా అంటారు మీరు. అక్కడే ఉంది. ఉడుముల దుర్గానికి ఒక ఆనవాయితీ. పొద్దు పొడిచేటప్పుడు రెండు తలుపులూ తెరవాల, దారి పక్కన రాతిగుండు మీద ఉండే మారెమ్మకు నైవేద్యం కుండ పోవాల, కుండ తిరిగొచ్చినాక మూయాల. ఎవరు ముట్టడించినా సరే. "పొద్దున తలుపు తెరవని ఇల్లు చచ్చిన ఇల్లు, తెరవని కోట చచ్చిన కోట" అని నాయుడి ముత్తాత అన్నాడంట. ఆ మాట మీద రోజూ కుంపిణీవాళ్ళ కళ్ళ ముందర తలుపులు కిర్రుమంటూ తెరుచుకునేవి. కుండ పోయేది, కుండ వచ్చేది, మళ్ళీ మూసుకునేవి.

మరి కుంపిణీవాళ్ళు జొరబడరా? జొరబడరు. వాళ్ళ ఆనవాయితీ వాళ్ళకుండె. అది తర్వాత చెబుతా.

కుడి తలుపు కదిరప్పకు ఎడమ తలుపు వాళ్ళంటే తాతల నాటి కడుపుమంట. ఆయన పోయి దివాన్జీ చెవిలో ఊదినాడు.

"సామీ, ఎడమ తలుపు కోడలికి నేడో రేపో. కాన్పయితే ఆ వంశానికంతా పది నాళ్ళు పురుడు. పురిటి చేతుల్తో తలుపు ముట్టకూడదు గదా! పొద్దున తెరిచినాక కాన్పయితే తలుపు తెరిచే ఉండిపోతుంది. మూసినాక అయితే తెరిచే దిక్కుండదు. నాకెందుకులే గానీ, నా తలుపు మాత్రం ఏనాడూ మైల పడలేదు."

దివాన్జీకి చెమట పట్టింది. సభ కూర్చోబెట్టినాడు. ఓబులక్కను, గిడ్డయ్యను పిలిపించినాడు.

"మీ ఇంట కోడలికి నెలలు నిండినవా?"

"నిండినాయి సామీ."

"ఎవరి అనుమతి మీద?"

ఓబులక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కుంపిణీవాళ్ళు వస్తారని అప్పుడు తెలియదు గదా సామీ. తెలిసుంటే మావాడు పంచలో పండుకొనుండును."

సభలో మీసాలు కదిలినాయి. దివాన్జీ మీసం మాత్రం కదల్లేదు.

గిడ్డయ్య చేతులు కట్టుకుని ఒక మాట అన్నాడు. "సామీ, ఆ పది నాళ్ళు కదిరప్ప మామ మనిషినే ఎడమ తలుపు కూడా నెట్టమంటే..."

కదిరప్ప పామును తొక్కినట్టు ఎగిరినాడు. "కుడి తలుపు నెట్టిన చేతుల్తో ఎడమ తలుపా! రేపు మా వంశానికి పిల్లనెవరిస్తారు రా?"

"పోనీ సామీ, ఆ పది నాళ్ళు తలుపు తెరవకుండా మూసే ఉంచితే?"

"తెరవని కోట చచ్చిన కోట" అన్నాడు దివాన్జీ. "చచ్చిన కోటను కాపాడుటకు ఇంత సైన్యమేల? ఇంత తిండి ఏల? ఆలోచించి మాట్లాడుము."

అట్లా ఆలోచించి, ఆలోచించి, ఆ సాయంత్రం దండోరా వేయించినాడు. "ముట్టడి ముగియు పర్యంతము ఎడమ తలుపు వారి వంశమునందు సమస్త ప్రసవములును నిలుపుదల చేయడమైనది! ఈ ఆజ్ఞ మీరి పుట్టిన శిశువు దివాణపు దండనకు పాత్రమగునహో!"

సుంకమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "అత్తా, దివాన్జీ నన్ను కనొద్దంటాండాడు. నేనేం చెయ్యాల?"

"నువ్వేం చేస్తావే, పండుకో. చేసేది లోపలున్నది. దానికి దివాన్జీ తెలియదు."

మర్నాడు పొద్దున్నే ఓబులక్క దివాణానికి పోయింది. "సామీ, దండోరా విన్నాం. కానీ కడుపులో బిడ్డకు వినపడలేదేమో. లోపల కాళ్ళతో తంతాంది."

"తల్లి విన్నది కదా. బిడ్డ తల్లి అధీనములో నున్నది. అధీనములో నున్నవారికి పైవారే తెలియజెప్పుకొనవలె. దివాణపు పద్ధతి అది."

"సామీ, కాన్పు తెరిచిన వాకిలి కాదు గదా, మూయమంటే మూయడానికి."

అక్కడే ఉన్నాడు పురోహితుడు సోమయాజులు. మంచివాడే, చదివినది మటుకు ఎక్కువ. నిన్నటినుంచీ తాటాకులు తిరగేస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు కళ్ళు మెరుస్తూ లేచినాడు.

"దివాన్జీ! దొరికినది. పురుడనేది బిడ్డ పుట్టినందువల్ల రాదు. పుట్టినదన్న వార్త చెవిన పడితే వచ్చును! కాశీలో దాయాదికి కొడుకు పుట్టినాడనుకోండి. కబురు చేరేదాకా మనమిక్కడ మడిగా దేవతార్చన చేసుకుంటూనే ఉంటాము కదా? విన్న క్షణమునుంచే పురుడు."

దివాన్జీ ముఖం దీపం వెలిగించినట్టయింది. "అనగా, ప్రసవమును ఆపనక్కర లేదు. వార్తను ఆపిన చాలును!"

"చాలును."

చూడండి నాయనలారా, ఏ దివాణానికైనా పనిని ఆపడం కష్టం గానీ, వార్తను ఆపడం వెన్నతో పెట్టిన విద్య. మధ్యాహ్నానికల్లా పత్తి గిడ్డంగి తెరిచినారు. కోటలో మనిషి మనిషికీ రెండు దూది ఉండలు. చెవుల్లో కూరుకోవాల. ఎడమ తలుపు వంశానికి రెట్టింపు. అందరికీ ఎందుకంటే, విన్నవాడు ఊరుకోడు గదా, చెప్తాడు. చెబితే వాళ్ళు వింటారు. అందుకని మొదటికే మూసేసినారు.

ఓబులక్కకు కొంచెం ఊపిరి ఆడింది. "పోనీలే, కనొచ్చంట. సామీ, ఇంక హుసేనమ్మను పైకి పిలిపించండి. పొద్దున తలుపు తెరిచినప్పుడు వస్తుంది. నా కోడలిది ఇరుకు దారి. ఆమె చెయ్యి లేకుంటే..."

"కూడదు" అన్నాడు దివాన్జీ, దూది చేతిలో పట్టుకొని. "మంత్రసాని కోటలో అడుగిడినది అనగా, కోటకు విషయము తెలిసినదని అర్థము. మాకేమియు తెలియదు. మాకు తెలియని ప్రసవమునకు మేము మంత్రసానిని ఎట్లు పిలువగలము?"

ఆమె ఇంకేదో అనబోయేలోపల చెవుల్లో దూది కుక్కుకున్నాడు. ఆమె కాళ్ళ మీద పడింది. ఆయన ఆకాశం వైపు చూస్తూ, "మాకేమియు వినపడలేదు" అన్నాడు. ఆమె అప్పటికింకా నోరు తెరవనేలేదు.

ఇంక ఆ నాళ్ళలో దుర్గం చూడాల్సిందే! ఉప్పడిగితే మిరపకాయలు కొలిచేవాళ్ళు. దళవాయి బురుజెక్కి "వత్తి అంటించండి రా" అని గొంతు చించుకుంటే, వత్తి వంశంవాళ్ళు తలూపి అన్నానికి పోయేవాళ్ళు. మొగుడూ పెళ్ళాల మధ్య మాత్రం అంత శాంతి ఆ కోటలో మునుపెన్నడూ లేదంటారు. కుంపిణీ ఫిరంగి గుండు వచ్చి ధాన్యం కొట్టు కప్పు ఎగరగొట్టింది. పక్కనే బువ్వ తింటున్న కావలివాడు తల కూడా తిప్పలేదు. ముద్దలో దుమ్ము పడితే ఊదుకుని తిన్నాడు.

కింద డేరా దగ్గర దుర్భిణీలో చూస్తున్న కుంపిణీ మేజరు దొర టోపీ తీసినాడంట. "ఇంత ధీరత్వము నేను ఏ దేశమునందునూ కనలేదు" అన్నాడంట. అని, ఫిరంగులు ఇంకా నాలుగు తెప్పించినాడు. ధీరులకు ఆ మర్యాద జరగాల గదా.

ఇట్లుండగా ఒక పొద్దున సుంకమ్మకు నొప్పులెత్తుకున్నాయి.

ఓబులక్క చెవుల్లోని దూది పీకేసి, కోడలి కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. తల ఉండాల్సిన చోట తల లేదు. అప్పుడే కదిరప్ప పెళ్ళాం, ఆమె కూడా దూది తీసేసి, వేడినీళ్ళ కుండతో వచ్చి గడప దాటింది. రెండిళ్ళకూ మాటల్లేక ఎన్నో ఏండ్లయింది.

"నువ్వెందుకొచ్చినావే?" అంది ఓబులక్క.

"తలుపులు మగోళ్ళవి, నొప్పులు మనవి. పిల్ల దగ్గర నేను కూర్చుంటా. నువ్వు పో, హుసేనమ్మను తీసుకురాపో. కుండ తిరిగొచ్చేలోపల రావాల."

ఓబులక్క పరుగెత్తింది. తలుపులు తెరిచే ఉన్నాయి. నైవేద్యం కుండ అప్పుడే బయటికి పోతాంది. ఎడమ తలుపు దగ్గర గిడ్డయ్య, చెవులనిండా దూదితో, గోడకేసి చూస్తూ నిలబడినాడు. పాపం, ఇంట్లో ఏం జరుగుతుందో వాడికి తెలియకూడదని వారంనుంచీ వాడి నిద్ర కూడా వాకిట్లోనే. కావలివాడు ఓబులక్కకు బల్లెం అడ్డం పెట్టి "ఎవరు? యాడికి?" అన్నాడు. ఆమె ఏదో చెప్పింది. వాడికి వినపడలేదు. వినపడనిదానికి కాదనడం ఎట్లా? బల్లెం తీసినాడు.

కొండ దిగి కుంపిణీ డేరాల్లో పడింది. సిపాయిలు పట్టుకుపోయి మేజరు దొర ముందర నిలబెట్టినారు. పక్కన దుబాసీ ఆరుముగ మొదలి, చెన్నపట్నం మనిషి. జరీ తలపాగా, చేతిలో లావుపాటి పుస్తకం.

"కోటనుండి వెలువడిన వ్యక్తి రాయబారియో, శరణాగతుడో, గూఢచారియో అయి ఉండవలె. నీవు వీటిలో ఏది?" అన్నాడు మొదలి.

"నేను అత్తను సామీ."

మొదలి పుస్తకం తిరగేసినాడు. అత్త లేదు. దొరకు చెప్పినాడు. దొర పైపు కాలుస్తూ చాలాసేపు యోచన చేసి, రాయబారి కింద జమకట్టమన్నాడు. కుర్చీ వేసినారు. సిపాయిలు తుపాకులెత్తి దండం పెట్టినారు. ఓబులక్క పుట్టిన తర్వాత కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అంచున కూర్చుంది, పడిపోతానేమోనని.

"మీ నాయకుని షరతులేమి?"

"నాయకుడికి నేను వచ్చినట్టే తెలియదు. నాకు హుసేనమ్మ కావాల. బిడ్డ అడ్డం తిరిగింది. తొందరగా పంపించండి, తలుపు మూసేస్తారు."

మొదలి ఉన్నదున్నట్టు చెప్పినాడు. దొర తల అడ్డంగా ఊపినాడు. మొదలి తెలుగు చేసినాడు. "గోడకు గండి పడినగాని రాయబారములు వినుటకు నిబంధన లేదు. గండి ఇంకనూ పడలేదు. తూర్పు గోడ మీద పని నడుచుచున్నది. గండి పడిన పిదప రమ్ము."

"గండి ఎందుకు సామీ! అదో, చూడండి. రోజూ మీ కళ్ళెదుటే వాకిలి బార్లా తెరుస్తారు గదా!"

మేజరు దొరకు ఆ మాట తెలుగులోనే అర్థమైనట్టుంది. నొచ్చుకున్నాడు. మొదలి గొంతు తగ్గించి చెప్పినాడు. "చూడమ్మా, వాకిలి గండి కాదు. తెరిచిన వాకిట నడిచిపోయిన దానిని సందర్శనమందురు, ముట్టడి అనరు. సందర్శనమునకు బిరుదులు లేవు, బహుమానములు లేవు. దొరగారు ఇంత దూరము సముద్రము దాటి వచ్చినది సందర్శనమునకా?"

అదమ్మా వాళ్ళ ఆనవాయితీ.

ఓబులక్క నెత్తి కొట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని డేరాల సందులోనుంచి ఒక ముసలామె జుట్టు ముడి బిగించుకుంటూ వచ్చింది. హుసేనమ్మే! దండులో ఒక సిపాయి పెళ్ళానికి పురుడు పోసి చేతులు తుడుచుకుంటాంది.

"ఎన్ని గడియలాయ నొప్పులు మొదలయి?"

"పొద్దు పొడవకముందు. అడ్డం తిరిగింది హుసేనీ!"

"ఏడుపు ఆపి నడువు."

"నిలువుము!" అన్నాడు మొదలి. "ఇక్కడినుంచి కోటలోనికి ఎవరునూ పోరాదు. ముట్టడి అనగా అదియే."

హుసేనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమయ్యా తలపాగా, ఈమె మీకెవరు?"

"రాయబారి."

"రాయబారి ఒంటరిగా వస్తుందా, ఒంటరిగా పోతుందా? పరివారం ఉండదా? మీ దొర మంచినీళ్ళకు పోయినా వెంట పదిమంది పోతారే!"

మొదలి మళ్ళీ పుస్తకం తెరిచినాడు. రాయబారి వెంట పరివారం పోవచ్చని ఉండనే ఉంది. సిపాయిలు మళ్ళీ తుపాకులెత్తి దండం పెట్టినారు. ఇద్దరు ముసలోళ్ళు ఆ దండాల మధ్య చీరలెగగట్టి కొండ ఎక్కినారు.

వాళ్ళు ఎగశ్వాసతో వాకిలి దగ్గరికి వచ్చేసరికి కుండ లోపలికి పోయింది. కదిరప్ప మనుషులు కుడి తలుపు మూసేసినారు. ఎడమ తలుపు మీద గిడ్డయ్య చేతులేసినాడు. పక్కనే దివాన్జీ, సోమయాజులు నిలబడినారు. హుసేనమ్మను చూడంగానే దివాన్జీ శాలువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చూస్తే తెలిసినట్టవుతుందేమోనని ఆయన భయం. సోమయాజులు సైగ చేసినాడు, చూపుకు దోషం లేదు, వినికిడికే అని. దివాన్జీ శాలువా దించి, మూయమని చెయ్యి ఊపినాడు.

గిడ్డయ్య తల్లిని చూసినాడు, మంత్రసానిని చూసినాడు. వాడికి సగం అర్థమైంది. కానీ తాతల నాటి చేతులు. దివాణం చెయ్యి ఊపితే వాటంతట అవే నెట్టుతాయి. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, చేతులు తలుపు నెట్టుతున్నాయి. సందు మనిషంత అయింది. తర్వాత మూరెడయింది.

ఓబులక్క ఆ సందులో దూరింది. ఎడమ తలుపుకూ మూసిన కుడి తలుపుకూ మధ్యన భుజం పెట్టి, కొడుకు తల పట్టుకుని, వాడి చెవిలోని దూది వేలితో లాగి పారేసింది. నోరు చెవికి ఆనించి అరిచింది.

"గిడ్డయ్యా! నీకు బిడ్డ పుట్టింది రా!"

అబద్ధం! ఇంట్లో పిల్ల ఇంకా నొప్పులు పడుతూనే ఉంది. కానీ గిడ్డయ్య చేతులు కాలిన పెనం ముట్టినట్టు తలుపు మీదనుంచి లేచిపోయినాయి. రెండడుగులు వెనక్కి వేసినాడు.

"పురుడు సామీ! నాకు పురుడు! నేను ముట్టకూడదు!" అని నవ్వుతూ ఏడుస్తూ అరిచినాడు.

హుసేనమ్మ ఆ సందులోనుంచి లోపలికి జొరబడి, వెనక్కి చూడకుండా ఎడమ తలుపు వాళ్ళ ఇంటికి పరుగు తీసింది. ఆ వయసులో అంత పరుగు!

దివాన్జీ దూది పీక్కున్నాడు. "ఏమన్నది ఆ ముసలిది? వాడు చేయి ఎందుకు తీసినాడు?"

"బిడ్డ పుట్టిందని చెప్పింది" అన్నాడు సోమయాజులు. ఆయన దూది ఎప్పుడు తీసినాడో ఎవరికీ తెలియదు.

"పుట్టినదా?"

ఓబులక్క తల వంచుకుంది. "లేదు సామీ. ఇంకా లేదు."

"అయితే అసత్యము! పురుడు లేదు! ఒరేయ్, నెట్టరా!"

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. "చెల్లదు దివాన్జీ. వార్త విన్న క్షణమునుంచి పురుడని ఉన్నది గాని, వార్త నిజమో కాదో విచారించవలెనని శాస్త్రమునందెక్కడా లేదు. విన్నాడు. అంటినది. అంతే."

"ఇది మీరు కనిపెట్టిన శాస్త్రమే కదా!"

"అందుకే నాకు బాగా తెలియును."

వాకిలి అట్లా సగం మూసి, సగం తెరిచి నిలిచిపోయింది.

లోపల హుసేనమ్మ మోచేతుల దాకా ఆముదం పూసుకుని కూర్చుంది. "అమ్మీ, నా కళ్ళల్లోకి చూడు. నేను పట్టమన్నప్పుడు ఊపిరి పట్టు, విడవమంటే విడువు. దివాన్జీ మాట విన్నట్టు నా మాట వినొద్దు, నిజంగా విను." కదిరప్ప పెళ్ళాం వెనకనుంచి పట్టుకుంది. ఓబులక్క గడపలో కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుంది. పొద్దు నడినెత్తికొచ్చి, వాలింది. తూర్పు గోడ మీద ఫిరంగులు పేలుతానే ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరూ వాటిని లెక్కపెట్టలేదు.

పొద్దు గుంకే ముందర కాళ్ళు ముందుగా, చిన్నది బయటపడింది. నీలంగా ఉంది. కదల్లేదు. హుసేనమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, మళ్ళీ చరిచింది. ఓబులక్కకు ప్రపంచంలో ఇంకేమీ వినపడలేదు.

అప్పుడు ఏడ్చింది చూడు! దూది గుండా, గోడల గుండా, బురుజు దాకా. కోటలో విననివాడు లేడు. విన్నానన్నవాడూ లేడు. కానీ ఆ సాయంత్రం కదిరప్ప చెవుల్లో దూది సర్దుకుంటూ, ముఖం పక్కకు తిప్పుకుని, ఒక బెల్లం దిమ్మ ఎడమ తలుపు వాళ్ళ గడపలో పెట్టి పోయినాడు. ఎందుకని అడిగితే ఆయనకు వినపడలేదు.

ఇంక ముట్టడి సంగతి. ఎడమ తలుపు తెరిచే ఉంది. కుంపిణీ జొరబడలేదు. గండి పడలేదు గదా! కాకపోతే సిపాయిలు కడుపున్నోళ్ళు. ఒకడొకడుగా తెరిచిన తలుపులోనుంచి లోపలికొచ్చి, సంతలో మజ్జిగ తాగి, మిరపకాయ బజ్జీ తిని, చీకటి పడేలోపల కిందికి దిగిపోయి మళ్ళీ ముట్టడి చేసేవాళ్ళు. పది నాళ్ళ పురుడు తీరకముందే తూర్పు గోడ కూలింది. మేజరు దొర కత్తి దూసి, రాళ్ళ మీద పాకుతూ, మోకాళ్ళు చెక్కుకుపోయి, వీరావేశంతో కోటలోకి దూకినాడు. లోపల మజ్జిగ తాగుతున్న ఆయన సిపాయిలే ముంతలు కింద పెట్టి లేచి దండం పెట్టినారు.

దొర ధర్మాత్ముడు. పాత మామూళ్ళన్నీ యథాప్రకారం నడుచునన్నాడు. నాయుడికి భరణం ఇచ్చినారు. దివాన్జీని దివాన్జీగానే ఉంచినారు, అంతటి అనుభవం ఎక్కడ దొరుకుతుంది! మొదటి హుకుం, వాకిలి మూయండి అని. దివాన్జీ కొత్త దొరకు పాత చిక్కు విన్నవించినాడు. ఎడమ తలుపు వారి పురుడు అబద్ధం విన్న వేళనుంచి లెక్కపెట్టాలా, నిజంగా పుట్టిన వేళనుంచా? తేలకుండా ముట్టుకుంటే అపచారం. మేజరు దొర ఇది తన అధికారానికి మించినదని చెన్నపట్నానికి నివేదించినాడు. చెన్నపట్నంవాళ్ళు కలకత్తాకు పంపినారు. కలకత్తాలో పెద్ద పండితులనూ, పెద్ద దొరలనూ కలిపి ఒక సభ కూర్చోబెట్టినారంట. జవాబు వచ్చేదాకా తలుపు ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నారు.

జవాబు రాలేదు. తలుపు మూయలేదు. ఎండాకాలంలో ఆ తెరిచిన సందులో గాలి చల్లగా వీచేది. ఓబులక్క ఎడమ తలుపు ఇనుప కడియానికి పాత చీర కట్టి ఉయ్యాల వేసింది. చిన్నది అందులో పండుకుని గుప్పిళ్ళు ఆడించేది. వచ్చేపోయే సిపాయిలు ఒక ఊపు ఊపి పోయేవాళ్ళు. సుంకమ్మ పక్కనే కూర్చుని, ఒళ్ళు చేసి, నున్నగా, నవ్వుతూ బియ్యం ఏరుకునేది. పిల్లకు హుసేనమ్మ పేరే పెట్టుకున్నారు.

ఆ పిల్లే మా అవ్వకు అవ్వ. ఆమె లేకుంటే నేను లేను, మీరూ లేరు.

అందుకని ఈ కథను మీతోనే ఆపేయొద్దు బిడ్డలారా. మీ పిల్లలకు చెప్పండి, వాళ్ళ పిల్లలకు చెప్పమని చెప్పండి. దివాన్జీ పేరు మరిచిపోతే మరిచిపోండి, అట్లాంటి వాళ్ళకు కరువు లేదు, ఏ కాలంలో చెబితే ఆ కాలం వాడిని పెట్టుకోవచ్చు. దొర పేరు నాకే తెలియదు. కానీ చీరలెగగట్టి ఆ కొండెక్కిన ఇద్దరు ముసలోళ్ళున్నారే, ఓబులక్క, హుసేనమ్మ, ఆ రెండు పేర్లు మాత్రం పోగొట్టొద్దు. ఏదీ, ఒకసారి అనండి, నేను వింటా.